గడ్డిమేటు మీద కరెంటు తీగ

(ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిగే అగ్నిమాపక వారోత్సవాల సందర్భంగా రాజమండ్రిలో ఏర్పాటైన రైతుల సమావేశంలో మన సంఘ సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం ఇది. ఆయన ఇరవై రెండేళ్లు మోటార్లు చుట్టే షాపు నడిపారు. ఇప్పుడు తణుకు దగ్గర కౌలు వ్యవసాయం చేస్తున్నారు. ఆయన మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)



దాళ్వా కోతలు నడుస్తున్న రోజుల్లో మిమ్మల్ని ఓ పూట కూర్చోబెట్టడం తప్పే. కాని ఈ మాట చెప్పుకోవడానికి ఇంతకంటే అదను లేదు. చేలో గడ్డి ఎండి ఉంది. మధ్యాహ్నమయ్యేసరికి గాలి లేస్తోంది. ఎండకి కరెంటు తీగలు సాగి కిందికి జారతాయి. ఈ మూడూ ఒకేసారి కలిసొచ్చేది ఏప్రిల్, మే నెలల్లోనే.

ఈ వారోత్సవాలు ఏప్రిల్ 14నే ఎందుకు మొదలవుతాయో కొందరికి తెలిసే ఉంటుంది. 1944లో ఆ రోజు బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడకి మంటలంటుకుని పేలిపోయింది. ఆర్పడానికి వెళ్లిన ఫైరు సిబ్బంది 66 మంది చనిపోయారు. ఆ ఓడలో ఏముందయ్యా అంటే, పత్తి బేళ్లూ పేలుడు సామగ్రీ. రెండూ ఒకే ఓడలో వేశారు. వింటే ఎవడు ఎక్కించాడురా బాబూ అనిపిస్తుంది. మరి మన పాకలో చూడండి. ఓ మూల డీజిల్ డబ్బా, ఓ మూల గడ్డి, గుంజకి స్టార్టరు బాక్సు, దాని మీద ఫోను ఛార్జింగు.

ఊరి సంగతి తర్వాత, ముందు మా ఇంటి సంగతి చెబుతాను. ఆరేళ్ల కిందట మే నెలలో మా పశువుల పాక కాలిపోయింది. ఇంట్లోంచి పాకకి వైరు నేనే లాగాను. చాలకపోతే మధ్యలో మరో ముక్క అతికాను. అతుకు మీద టేపు లేకపోతే పాలిథిన్ కవరు చుట్టి దారంతో కట్టాను. అప్పట్లో ఆ వైరు మీద ఒక్క బల్బే ఉండేది. తర్వాత గేదెలకి ఫ్యాను పెట్టాం. ఆ తర్వాత గడ్డి కోసే మిషను కొన్నాం, రెండు హార్స్‌పవరుది. దాన్నీ అదే వైరుకి తగిలించాం. ఊరందరి మోటార్లు బాగుచేసినవాణ్ణి, నా పాకలో అతుకు సంగతి మర్చిపోయాను.

పొద్దున పదకొండింటికి మా ఆవిడ గడ్డి కోస్తోంది. వాసాల దగ్గర పొగ కనబడింది. తాటాకు కప్పు కదండీ, నేను వీధిలోంచి వచ్చేలోపే పైకి పాకింది. మా అన్నయ్య కొడుకు బిందె పట్టుకొచ్చి నీళ్లు కొట్టాడు. కొట్టినవాడు కొట్టినట్టే వెనక్కి పడ్డాడు. షాకు. అప్పుడు మా ఆవిడ అరిచింది, "మెయిను ఆపారా?" అని. పది మంది ఉన్నాం అక్కడ. ఒక్కడికీ తోచలేదు. పోయి మెయిను ఆపింది ఆవిడే. పలుపులు కోసి గేదెల్ని బయటికి తోలింది కూడా ఆవిడే.

నాకు షాపులో ఎర్ర సిలిండరు గుర్తొచ్చింది. బ్యాంకు లోను పెట్టినప్పుడు ఉండాలన్నారని కొన్నది. క్యాలెండరు వెనక వేలాడుతూ ఉండేది. పరుగెత్తుకెళ్లి తెచ్చాను. పిన్ను లాగి నొక్కాను. ముసలాయన దగ్గినట్టు ఓసారి పొడి వచ్చి ఆగిపోయింది. తర్వాత చూస్తే ముల్లు ఎర్ర గీతలో ఉంది. ఎన్నేళ్ల నుంచి అలా ఉందో నాకే తెలీదు.

దూడ చచ్చిపోయింది. పన్నెండు బస్తాల విత్తనాల వడ్లు, ఏడాది మేత పోయాయి. పిల్లవాడు బతికాడు. అందుకే ఇవాళ మీ ముందు నిలబడి ఇంత తేలిగ్గా చెప్పగలుగుతున్నాను.

అతుకు ఎందుకు అంటుకుందో చెబుతాను. మన పల్లెల్లో కరెంటు మంటల్లో చాలావాటికి మూలం ఇదే అని నా అనుభవం. పేపర్లో మాత్రం "షార్ట్ సర్క్యూట్" అని ఒక్క మాటతో సరిపెడతారు. తీగలో కరెంటు పారితే కొంత వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. రెండు హార్స్‌పవరు మోటారు సింగిల్ ఫేజు మీద తొమ్మిది, పది ఆంపియర్లు లాగుతుంది. స్టార్టయ్యే క్షణంలో దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. వదులు అతుకు ఉంటే ఆ వేడంతా ఆ ఒక్క చోటే చేరుతుంది. వేడెక్కి తీగ సాగుతుంది, చల్లారి ముడుచుకుంటుంది. రోజూ ఇదే పని. అతుకు ఇంకా వదులవుతుంది, ఇంకా వేడెక్కుతుంది. అల్యూమినియం సర్వీసు వైరుని రాగి వైరుతో మెలేసి వదిలేస్తే ఇంకా త్వరగా చెడుతుంది. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికి ఆ రెండు లోహాలు కలిసిన చోట తొందరగా తినేస్తుంది. ఆ వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, మీటరు బోర్డు విప్పితే పచ్చగా పట్టిన చిలుము కనబడుతుంది.

ఒక ముఖ్యమైన సంగతి. మాకు ఎంసీబీ ఉంది కదా, పడిపోతుందిలే అనుకుంటారు. వదులు అతుకు కాలుతుంటే ఎంసీబీ పడదు. దానికి తెలిసేది కరెంటు ఎక్కువైందా లేదా అన్నదే. అతుకు దగ్గర కరెంటు ఎక్కువ కాదు, వేడి ఎక్కువ. పది ఆంపియర్లతోనే తాటాకు అంటుకుంటుంది. ఎంసీబీ వద్దనడం లేదు, తప్పకుండా కావాలి. ఫ్యూజు తీగ పోయిందని రాగి పోగులు నాలుగు మెలేసి పెట్టేవాళ్ల కంటే ఎంసీబీ పెట్టుకున్నవాళ్లు నయం. దానితోపాటు ఆర్‌సీసీబీ అని ఇంకోటుంది, 30 మిల్లీ ఆంపియర్లది. మనిషి ఒంట్లోంచి గాని, తడి గోడలోంచి గాని కరెంటు భూమిలోకి కారితే క్షణంలో కట్ చేస్తుంది. అది ప్రాణం కాపాడేది. ఇంటికొకటి, చెరువు మీద మకాంకొకటి పెట్టించండి. కాని ఇవేవీ గట్టి అతుకుకి బదులు కావు. ఏడాదికోసారి, వానలు పడేముందు, వైర్‌మన్‌ని పిలిచి మెయిను ఆపించి ప్రతి స్క్రూ బిగింపించండి. స్విచ్చి మీద చేయి పెడితే వెచ్చగా తగిలినా, ప్లగ్గు దగ్గర ప్లాస్టిక్ పసుపుగా మారినా, బోర్డు దగ్గర చేపల వాసనలాంటిది వచ్చినా అది ముందే చెబుతోందన్నమాట.

సాయంత్రం ఓల్టేజీ పడిపోయినప్పుడు మోటారు నడిపేవాళ్లు వినండి. ఓల్టేజీ తగ్గితే మోటారు కరెంటు తక్కువ తీసుకుంటుందనుకుంటారు. లోడు మీదున్న మోటారు ఎక్కువ తీసుకుంటుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఇంకా ఎక్కువ. నా షాపుకి వచ్చిన కాలిన మోటార్లలో సగానికి పైగా ఫేజు పోయినవే. భీమవరం, ఉండి, ఆకివీడు చెరువుల మీద ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతాయి. మకాంలో కుర్రాడు పడుకుంటాడు. వాడి తల దగ్గరే మూత లేని ప్యానెల్ బోర్డు, పక్కన మేత బస్తాలు. ఆ పక్కనే జనరేటరు డీజిలు. అంబాజీపేట వైపు పీచు మిల్లుల్లో మోటారు మీద పీచు పొట్టు వేలు లోతున పేరుకుని ఉంటుంది. అనపర్తి కోళ్ల షెడ్లలో పిల్లలకి వేడి కోసం పెట్టిన బల్బు కింద ఊక. కడియం నర్సరీల్లో నీళ్ల పైపు పక్కనే నేల మీద పాకే వైరు. ఎవరి పని చోటు వాళ్లు ఓసారి పరాయివాడిలా నడిచి చూడండి.

కొత్తగా బ్యాటరీల గొడవొకటి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక ఇంట్లో పడకగదిలో ఛార్జింగు పెట్టిన ఎలక్ట్రిక్ బైకు బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలొచ్చి, పై అంతస్తుల లాడ్జిలో ఉన్నవాళ్లు ఎనిమిది మంది పోయారు. మనకి బైకు లేదనుకోకండి. మందు కొట్టే స్ప్రేయరు బ్యాటరీది. దాన్ని రాత్రి గడ్డి పాకలో ఛార్జింగు పెట్టి పడుకుంటున్నాం. పగలు, మనిషి మెలకువగా ఉన్నప్పుడు, సిమెంటు నేల మీద, చుట్టూ ఏమీ లేకుండా పెట్టుకోవాలి. కంపెనీ ఛార్జరే వాడాలి.

ఇళ్ల సంగతి ఒక్క మాట. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది చనిపోయారు, అందులో పసిపిల్లలు. షార్ట్ సర్క్యూటే అయి ఉంటుందని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. అంతమందీ కాలి చనిపోలేదు. పొగ పీల్చి చనిపోయినవాళ్లే ఎక్కువ. బయటికి దారి ఒక్కటే, అది ఇరుకు. మన పెంకుటిళ్లకి, మిద్దెలకి ఆ ఇబ్బంది లేదంటారా? దొంగల భయంతో కిటికీలకి ఊచలు, పెరటి తలుపుకి తాళం, ఆ తాళంచెవి ఎక్కడుందో ముసలమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. ఏసీలు పల్లెల్లోకీ వచ్చేశాయి. పాత ఇంటి లైటు వైరు మీద ఏసీ పెట్టిన ఇళ్లు మా ఊళ్లో నాకు తెలిసినవే నాలుగున్నాయి. ఏసీకి మీటరు దగ్గర నుంచి విడిగా లావు రాగి వైరు రావాలి, విడిగా ఎంసీబీ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఏసీ నడపడం అంటే పిల్లకాలువలోకి పెద్దకాలువ తూము వదలడమే.

ఇప్పుడు సిలిండరు దగ్గరికి వద్దాం. మన సంఘం ఆఫీసులోనూ ఒకటుందండి. ఇందాక చూసొచ్చాను. ముల్లు పచ్చలోనే ఉంది, సంతోషం. కాని దాని ముందు కరపత్రాల కట్టలు నిలువెత్తున పేర్చారు. అవి అంటుకుంటే సిలిండరు తీయాలంటే ముందు వాటినే దాటాలి. (నవ్వులు)

ఏది కొనాలి? ఇంటికి, షాపుకి, మకాంకి ఏబీసీ పొడి సిలిండరు, నాలుగు కేజీలది, ఐఎస్ఐ మార్కుతో. కంపెనీని బట్టి అటూఇటూగా రెండు వేల రూపాయల లోపు దొరుకుతోంది. కట్టె, గుడ్డ, డీజిలు, కరెంటు మంట అన్నిటికీ పనికొస్తుంది. కారులో పెట్టుకునే స్ప్రే డబ్బాలు చవగ్గా అమ్ముతారు, పాకకి అవి చాలవు. ప్యానెల్ బోర్డులు, కంప్యూటర్లు ఉన్న చోట కార్బన్ డయాక్సైడ్ సిలిండరు మేలు, పొడి మిగలదు. కాని చిన్న గదిలో తలుపులేసుకుని కొడితే మనకే ఊపిరాడదు. దాని నల్ల గొట్టాన్ని ఉత్త చేత్తో పట్టుకోకండి, చలికి చర్మం ఊడుతుంది. నురుగుది, నీళ్లది మాత్రం కరెంటు ఉండగా వాడకూడదు.

పొడి సిలిండరు పదీ పదిహేను సెకన్లలో అయిపోతుంది. అంతే. అందుకే వాడే పద్ధతి ముందే చేతికి రావాలి. మొదట మెయిను ఆపాలి, లేదా ఎవర్నైనా ఆపమని పంపాలి. తర్వాత తలుపు మీ వెనక ఉండేలా నిలబడాలి. బయటైతే గాలి మీ వీపుకి తగలాలి. పిన్ను లాగి, ఆరేడు అడుగుల దూరం నుంచి మంట మొదలు మీద గురిపెట్టి, నొక్కి, ఊడ్చినట్టు అటూఇటూ ఆడించాలి. అందరూ చేసే తప్పు పైకి లేచిన మంట మీద కొట్టడం. మంట కొసలు ఆరినా మొదలు ఆరదు. ఆరాక వెనక్కి తిరిగి నడవకండి, చూస్తూనే వెనక్కి రండి. మళ్లీ లేస్తుంది ఒక్కోసారి. ఒక్క సెకను వాడినా సిలిండరు మళ్లీ నింపించాల్సిందే. గ్యాసు కారిపోతుంది.

మిగతా రోజుల్లో దానికి కావలసింది నెలకోసారి ఒక చూపు. ముల్లు పచ్చలో ఉందా, పిన్ను సీలు ఉందా, గొట్టంలో కందిరీగ గూడు పెట్టిందా. ఈ చివరిది నవ్వులాటకి చెప్పడం లేదు, చూశాను. మన తేమకి లోపల పొడి గడ్డ కడుతుంది. అందుకని తీసి తలకిందులు చేసి నాలుగుసార్లు కుదిపి పెట్టాలి. కార్బన్ డయాక్సైడ్ దానికి ముల్లు ఉండదు, తూకమేసి చూడాలి. లేబులు మీద నింపిన తేదీ, మళ్లీ పరీక్ష చేయించాల్సిన తేదీ ఉంటాయి. ట్రాక్టరు ఇన్సూరెన్సు తేదీలాగే అవీ రాసిపెట్టుకోండి. వేలాడదీసేది వంటింటి పొయ్యి పక్కన కాదు, బయటికి పోయే గుమ్మం దగ్గర. పాకకి పెట్టేది పాకలో కాదు, పాక ఎదుట ఇంటి గోడకి. లేకపోతే మంటలోకి దూరి సిలిండరు తేవాలి.

ఇది దేనికి పనికిరాదో కూడా చెప్పకపోతే మోసం చేసినవాణ్ణవుతాను. గడ్డిమేటు లోపలికి పాకిన మంటని పొడి ఆర్పదు. పైన ఆరినట్టు కనబడుతుంది, లోపల కుమ్ముతూనే ఉంటుంది. రెండు గంటలకి మళ్లీ లేస్తుంది. మేటుకి కావలసింది నీళ్లు, కొంకీ కర్రలు, విడదీసి లాగే మనుషులు. అదీ పైన తీగలో కరెంటు లేదని తేలాకే. లైనుమన్ ఫోను నంబరు తలుపు మీద రాసి ఉండాలి. దొరక్కపోతే 1912. ఫైరింజనుకి 101 గాని 112 గాని. మేట్లు ఒకదాని పక్కన ఒకటి ఆనించి వేయకండి. వంటింట్లో నూనె మూకుడు అంటుకుంటే పొడి కొడితే నూనె చిమ్ముతుంది. స్టవ్వు కట్టేసి మూత పెట్టేయడమే మందు.

గ్యాసు వాసన వస్తే మాత్రం ఇందాక చెప్పిన మెయిను మాట తిరగబడుతుంది. ఇంట్లో ఏ స్విచ్చీ ముట్టుకోకూడదు, వేయడమూ వద్దు, ఆపడమూ వద్దు. స్విచ్చిలో వచ్చే చిన్న రవ్వ చాలు. కోనసీమవాళ్లకి 2014 జూన్ 27 ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. నగరంలో పైపులైను నుంచి కారిన గ్యాసు ఊరి మీద పరుచుకుని ఉంది. తెల్లవారుజామున టీ కొట్టులో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పుడు పేపర్లన్నీ రాశాయి. ఇరవై మందికి పైగా పోయారు, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. అలాంటి మంటకి ఎర్ర సిలిండరు పట్టుకుని ఎదురెళ్లేవాడు వీరుడు కాదు. పిల్లల్ని చంకనేసుకుని గాలికి ఎదురుగా, దూరంగా పోవాలి. మంట మనిషి ఎత్తు దాటినా, పొగ గది నిండినా సిలిండరు పారేసి బయటికి రండి.

ఇంతవరకు మన తప్పులు చెప్పాను. ఇక మన తలల మీదున్న తీగల సంగతి. దీన్ని సంఘం పనిగా ఎత్తుకోవాలి.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలున్నాయి. 11 కేవీ తీగ రోడ్డుకి అడ్డంగా పోయే చోట నేల నుంచి 6.1 మీటర్లకి తగ్గకూడదు, అంటే ఇరవై అడుగులు. రోడ్డు వెంట అయితే 5.8 మీటర్లు. పొలాల్లాంటి మిగతా చోట్ల, తొడుగు లేని తీగ 4.6 మీటర్లు, అంటే పదిహేను అడుగులు. ఇప్పుడు లెక్కేయండి. ట్రక్కులో గడ్డి లోడు పన్నెండు, పదమూడు అడుగులొస్తుంది. దాని మీద ఓ మనిషి నిలబడతాడు. తీగ సరైన ఎత్తులో ఉన్నా వాడి తల తీగ దాటి ఉంటుంది. మరి స్తంభం ఒరిగి, తీగ జారి, పది పన్నెండు అడుగుల్లో వేలాడే చోట్లు మన చేలల్లో ఎన్నున్నాయి? గాలికి రెండు తీగలు కొట్టుకుంటే కాలిన అల్యూమినియం రవ్వలు రాలతాయి. కోనసీమలో కొబ్బరిమట్ట తీగల మీద పడినా అంతే. ఆ రవ్వలకి ఎండుగడ్డి చాలు. 2024 నవంబరు మొదట్లో ఇక్కడికి దగ్గరే, ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో ఫ్లెక్సీ కడుతూ నలుగురు కుర్రాళ్లు తీగ తగిలి చనిపోయారు. అక్కడ మంట లేదు, తీగ మాత్రం మనం చెప్పుకునే తీగలాంటిదే.

2022 జూన్ 30న శ్రీసత్యసాయి జిల్లా తాడిమర్రి మండలంలో ఏమైందో గుర్తుందా? కూలి పనికి ఆటోలో వెళ్తున్న ఆడవాళ్ల మీద తీగ తెగిపడింది. ఆటో తగలబడింది. ఐదుగురు అక్కడే పోయారు. కారణం ఉడుత అని అధికారులు చెప్పారు. ఉడుత ఎక్కి ఉండొచ్చు, నేను కాదనను. ఉడుతలు స్తంభాలెక్కడం కొత్తా? ఉడుత ఎక్కినా తీగ తెగకూడదు, తెగినా సబ్‌స్టేషనులో కరెంటు ఆగిపోవాలి. ఆ పరికరాలు ఉన్నది అందుకే. మోటార్లు చుట్టేవాడికి ఆ మాత్రం తెలుస్తుంది.

చట్టం కూడా మన వైపు కొంత ఉంది. 2002లో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో తీర్పిచ్చింది. వాన నీళ్లున్న రోడ్డు మీద పడిన కరెంటు తీగ తగిలి సైకిలు మీద వెళ్తున్నాయన చనిపోయాడు. ఎవడో దొంగతనంగా లాగిన తీగ అని బోర్డు వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ఇంత ప్రమాదకరమైన వస్తువుని సరఫరా చేసేవాళ్లే నష్టానికి బాధ్యులు, మా నిర్లక్ష్యం లేదంటే చెల్లదు అంది. విద్యుత్ చట్టం 2003లో 161వ సెక్షను ఉంది. కరెంటు వల్ల మనిషి గాని పశువు గాని చనిపోయినా, గాయపడినా విద్యుత్ ఇన్‌స్పెక్టరుకి తెలియజేయాలి, విచారణ జరిపించొచ్చు. గడ్డిమేటు కాలినప్పుడు కూడా ఇంత సులువుగా నష్టం వస్తుందని మాత్రం నేను చెప్పను. లైను కింద మేటు నువ్వే వేశావు కదా అంటారు. ఆ మాట వాళ్లకి మనం అందివ్వకూడదు. తీగ కింద మేటు వేయకండి. పక్కన వేసినా మేటు ఎత్తెంతో అంత దూరం వదలండి. చోటు లేదంటే చేను గట్టు మీదైనా వేయండి.

కౌలు రైతులకి ఇంకో కష్టం. మోటారు సర్వీసు ఆసామి పేరున, పొలం ఆసామి పేరున, కాలింది మాత్రం మనది. నా దూడ పోయినప్పుడు నాకూ అదే అయింది. కాగితం అడిగితే నా పేరుతో ఒక్కటీ లేదు. అందుకని సీసీఆర్‌సీ కార్డు తీసుకున్నవాళ్లు దాన్ని జాగ్రత్తగా ఉంచుకోండి, తీసుకోనివాళ్లు అడగండి. మంట ఆరిన రోజే ఫైరు స్టేషను నుంచి రిపోర్టు అడగాలి. వీఆర్వో చేత పంచనామా రాయించాలి. పశువు పోతే పూడ్చకముందే పశువైద్యుడి చేత పోస్టుమార్టం చేయించాలి. ఏడుస్తున్న ఇంట్లో ఇవన్నీ ఎవరికి గుర్తొస్తాయి? అందుకే ఊరికిద్దరు సంఘం సభ్యులు ఈ పని నేర్చుకుని ఉండాలి.

జరగకముందు కాగితం ఇంకా ముఖ్యం. జారిన తీగ, ఒరిగిన స్తంభం, కంచె లేని ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడ కనబడినా ఫొటో తీయండి. స్తంభం నంబరు, ట్రాన్స్‌ఫార్మరు మీద పెయింటుతో రాసిన నంబరు రాసుకోండి. 1912కి చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఈపీడీసీఎల్ ఏఈ గారికి కాగితం ఇచ్చి నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. లైనుమన్లతో తగువు పెట్టుకోకండి. వాళ్లలో చాలామంది ఒక్కరే మూడు నాలుగు ఊళ్లు చూస్తున్నారు. కాంట్రాక్టు కుర్రాళ్లు గ్లౌజులు లేకుండా స్తంభం ఎక్కుతున్నారు. వాళ్లకీ మనకీ ఒకటే తీగ. నకళ్లన్నీ మే 10వ తేదీలోపు సంఘం ఆఫీసుకి చేరితే మండలాల వారీగా కట్ట కట్టి పెద్ద ఇంజనీరు దగ్గరికి అందరం కలిసి వెళదామని కమిటీ నిర్ణయించింది. కరపత్రాల వెనక సిలిండరుకి దారి చేసే పని కూడా అదే రోజు పెట్టుకుందాం.

ఇంక మాటలు చాలు. బయట చింతచెట్టు కింద ఇనప తొట్టిలో గడ్డి, కాస్త డీజిలు సిద్ధంగా ఉన్నాయి. నాలుగు సిలిండర్లు తెప్పించాం. మగవాళ్లు కాసేపు ఆగండి. మంట లేచే వేళకి ఇంట్లో ఉండేది ఆడవాళ్లు, ముసలివాళ్లు. అందుకని ముందు వరసలో కూర్చున్న అక్కలు, చెల్లెళ్లు లేచి రండి. నాలుగు కేజీలదే, బిందెడు నీళ్లంత బరువు కూడా ఉండదు. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని నిలబడండి. పిన్ను లాగేటప్పుడు పిడి నొక్కి పట్టుకోకండి, బిగుసుకుపోయి రాదు.